అటక మీద దొరికిన పటాలు: ఆల్బుమెనా, బ్రోమైడా, అచ్చుబొమ్మా? కాలం కట్టడం ఎలా?

లంకపొలం
అందరికీ నమస్కారమండి. రాజోలు దగ్గర ఒక పాత మండువా లోగిలి విప్పుతుంటే అటక మీద రేకుపెట్టెలో ఇవి బయటపడ్డాయి. కొలతలతో సహా రాస్తున్నాను. ఏది ఏ పద్ధతిదో, ఏ కాలందో తేల్చి పెట్టండి.

ఒకటి: 6.3 × 10 సెం.మీ. అట్టకి అతికించిన తలపాగా పెద్దాయన. రంగు ముదురు గోధుమ, తెల్లగా ఉండాల్సిన పంచె పసుపెక్కింది.
రెండు: 10.8 × 16.5 సెం.మీ. అట్ట, కుర్చీలో కూర్చున్న ఆవిడ. ఊదా కలిసిన గోధుమ, బాగా నిగనిగ.
మూడు: అద్దాల పటంలో దంపతులు. నల్లటి చోట్ల వాలుగా చూస్తే నీలి వెండి మెరుపు. ఫోటో ఒకవైపు అద్దానికి అంటుకుపోయింది.
నాలుగు: నిలువెత్తు పటం, రంగులు వేసింది.
ఐదు: మూడు గాజు పలకలు, నెగటివ్‌లే.
ఆరు: మూత బిగిసిపోయిన రేకుడబ్బాలో ఫిల్ము ముక్కలు.
ఏడు: లక్ష్మీదేవి పటం. ఇదీ ఫోటోయేనంటున్నారు.

కట్టూ బొట్టూ చూసి 1870 ప్రాంతంవి అంటున్నారు ఊళ్ళో. నిజమేనా?

హైపోవాసన
ముందు ఆరో నంబరు సంగతి చూడండి, మిగతావి తర్వాత. ఆ డబ్బా అటక మీదే ఉంటే ఇప్పుడే కిందికి దించి, ఇంటికి ఎడంగా, నీడలో, గాలాడే చోట మూత వదులు చేసి పెట్టండి. పొయ్యి, దీపం, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. 1889 నుంచి 1950ల మొదటిదాకా అమ్మిన ఫిల్ముల్లో చాలావాటికి ఆధారం సెల్యులోజ్ నైట్రేట్, అంటే తుపాకీ దూది అనే పేలుడు పదార్థానికి తోడబుట్టింది. బాగా పాడైన నైట్రేట్ మూసిన డబ్బాలో కుప్పగా ఉంటే 41 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకోవచ్చని ప్రయోగాల్లో తేలింది. మే నెలలో పెంకుటింటి అటక అంతకంటే వేడెక్కుతుంది. అంటుకుంటే నీళ్ళకీ ఇసుకకీ ఆరదు, తనకు కావలసిన ఆక్సిజన్ తనలోనే ఉంటుంది.

అంచున ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అని అచ్చయి ఉంటే నైట్రేట్ కాదు. వెనిగర్ వాసన వస్తుంటే అసిటేట్, అదీ చెడుతున్నట్టే గాని అంటుకోదు. జిగురుగా తేనెరంగు తిరిగి, ముక్కుకి ఘాటుగా తగులుతుంటే నైట్రేట్ అనుకోండి. నిప్పు పెట్టి పరీక్షించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

లంకపొలం
దించేశామండి. పశువుల పాక పక్కన నీడలో పెట్టాం. కొన్నిటి మీద ‘సేఫ్టీ’ ఉంది, కొన్నిటి మీద లేదు.

హైపోవాసన
లేనివి వేరుచేసి, ఒక్కోటీ విడి కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపలి ఆవిరి లోపలే తిరిగి ఇంకా పాడుచేస్తుంది.

ఇక కాలం కట్టే సంగతి. కట్టూ బొట్టూ నమ్మితే బోల్తా పడతారు. పెద్దవాళ్ళు పెళ్ళినాటి బట్టలే పదేళ్ళ తర్వాత కూడా కట్టుకుని ఫోటోకి కూర్చునేవారు. వెనక తెరలూ, కుర్చీలూ స్టూడియోవాళ్ళవి, ముప్పై ఏళ్ళు అవే నడిచేవి. నమ్మదగింది కాగితం పై పొర ఒక్కటే. 10 నుంచి 30 రెట్ల భూతద్దం తెచ్చుకోండి. వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేదీ పనికొస్తుంది. పక్కనుంచి టార్చి వేసి మూడు విషయాలు చూడండి.

కాగితం పీచు కనిపిస్తోందా? బొమ్మ పీచులోనే ఇంకి, మెరుపు అసలు లేకపోతే సాల్ట్ ప్రింట్ (ఉప్పు, వెండి నైట్రేట్ పట్టించిన కాగితం మీది తొలినాటి ఫోటో), 1840, 50లది. మన వైపు దొరకడం లాటరీ తగిలినట్టే. పీచు కనిపిస్తూ పైన సన్నటి మెరుపు పొర, అందులో ఎండిన చెరువు మట్టిలా వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటే ఆల్బుమెన్. పీచు అస్సలు కనిపించక నున్నగా ఉంటే మధ్యలో బెరైటా పూత ఉన్నట్టు, అంటే బేరియం సల్ఫేట్ సున్నం పట్టించినట్టు. అది 1880ల తర్వాతి మాట.

బెరైటా ఉంటే రంగు చూడండి. ఊదా, గోధుమ, ఎరుపు కలిసి ఉంటే ఎండలోనే బొమ్మ తేలే కాగితం (పీఓపీ అనేవారు), సుమారు 1885 నుంచి 1920 దాకా. తటస్థమైన నలుపూ బూడిదా అయితే డెవలపర్‌లో తేలే జిలటిన్ బ్రోమైడ్, 20వ శతాబ్దంలో అదే రాజ్యం. వాలుగా వెండి మెరుపు కనిపించిందన్నారు చూడండి, అది చాలావరకు ఈ జిలటిన్ వాటికే వస్తుంది. చెమ్మకీ, గాలిలోని ఘాటు వాయువులకీ లోపలి వెండి కరిగి, పైకి పాకి, మళ్ళీ వెండిగా పేరుకుంటుంది. మీ మూడో నంబరు బ్రోమైడే అయ్యుండాలి.

ఏటిగట్టు
ఒకటో నంబరు కొలత కార్ట్ ద విజిట్ అనే చిన్న అట్ట ఫోటోది కదా? 1854లో పారిస్‌లో డిస్దేరి పేటెంట్ తీసుకున్నాడు. నాలుగు కటకాల కెమెరాతో ఒకే పలక మీద ఎనిమిది బొమ్మలు తీసి, కత్తిరించి అట్టలకి అతికించేవారు. ఖర్చు బాగా పడిపోయింది. ఆ లెక్కన ఇది 1860లదే అవ్వాలి.

హైపోవాసన
అక్కడే పొరపాటండీ. అట్ట కొలత ‘ఇంతకంటే ముందుది కాదు’ అని చెబుతుంది, ‘ఇంతకంటే తర్వాతది కాదు’ అని చెప్పదు. కార్ట్ కొలత 20వ శతాబ్దం మొదట్లో కూడా నడిచింది. రెండో నంబరు క్యాబినెట్ కొలత, 1860ల మధ్యలో మొదలై మొదటి ప్రపంచయుద్ధం దాకా ఉంది. అట్ట మందం కొంత సాయం చేస్తుంది: పల్చగా, చదరపు మూలలతో ఉంటే తొలినాళ్ళది, దళసరిగా, గుండ్రటి మూలలతో, బంగారు అంచుతో ఉంటే తర్వాతది. అదీ సాక్ష్యమే గాని తీర్పు కాదు.

కొబ్బరిపీచు
ఆల్బుమెన్ అంటే గుడ్డు తెల్లసొనే కదండీ? తణుకు ఫారాలవాళ్ళకి తెలిస్తే మళ్ళీ మొదలెడతారు.

హైపోవాసన
మరేనండి, తెల్లసొనే. 1850లో బ్లాంకార్-ఎవ్రార్ పెట్టిన పద్ధతి. తెల్లసొనలో ఉప్పు కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టి, రాత్రంతా తేరనిచ్చి, వడకట్టి, కాగితాన్ని దాని మీద తేల్చేవారు. ఆరాక వెండి నైట్రేట్ మీద తేల్చి ఎండలో అచ్చు తీసేవారు. జర్మనీలో డ్రెస్డెన్ ఫ్యాక్టరీ ఒకటి రోజుకి 60,000 గుడ్లు పగలగొట్టేదని చరిత్రకారులు రాశారు. ఆ తెల్లసొన వల్లే మీ పెద్దాయన పంచె పసుపెక్కింది. అది తుడిస్తే పోయే మురికి కాదు, ముట్టుకోకండి.

గౌతమిగట్టు
1870ల్లో మన డెల్టాలో ఫోటో తీయడం ఎంత కష్టమో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి కొలోడియన్ పద్ధతిలో తుపాకీ దూదిని ఈథర్, ఆల్కహాల్‌లో కరిగించి గాజు మీద పోస్తారు. ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర! మన వేసవిలో సీసా మూత తీస్తేనే ఎగిరిపోతుంది. పోసిన పూత పలక చివరిదాకా పాకేలోపే చిక్కబడి అలలు కడుతుంది. పూసి, వెండి స్నానం చేయించి, కెమెరాలో పెట్టి, తీసి, కడిగేదాకా అంతా తడి ఆరకముందే అయిపోవాలి. చల్లటి దేశంలో పది నిమిషాలు దొరికితే ఇక్కడ మూడు, నాలుగు దొరకడం గగనం. పైగా చీకటి గుడారం, గాజు పలకలు, నీళ్ళు అన్నీ వెంట మోయాలి.

అందుకే లిన్నేయస్ ట్రైప్ ఇక్కడ గాజు కాకుండా మైనపు కాగితం నెగటివ్ వాడాడు. 1851లో గుస్తావ్ లె గ్రే బయటపెట్టిన పద్ధతది. కాగితానికి ముందే మైనం పట్టిస్తారు, సిద్ధం చేసిన కాగితం కొన్నాళ్ళు నిలవుంటుంది, తీశాక వెంటనే కడగక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఫోటోగ్రాఫర్‌గా 1857, 58లలో మధుర, తంజావూరు తిరిగాడు. తంజావూరు పెద్దగుడి పునాది చుట్టూ ఉన్న శాసనాన్ని 21 నెగటివ్‌లుగా తీసి, 19 అడుగుల పొడవున ఒకే వరసగా అతికించాడు. మన అమరావతి స్తూపం శిల్పాలు మద్రాసు మ్యూజియంలో ఉండగా 1858లో తీసిందీ ఆయనే. ఫోటోలో మొదటి తెలుగు శిల్పం అనాలంటే అవే గుర్తుకొస్తాయి.

జిలటిన్ పొడి పలక ఆలోచన 1871లో రిచర్డ్ మాడాక్స్‌ది, 80లలో బజారులోకి వచ్చింది. చీకటి గుడారం మోసే బాధ అప్పుడు తప్పింది. సాదాసీదా ఇళ్ళలో దొరికే పటాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతివే.

బొడ్డుమల్లె
గాజు పలకలకి కూడా అదే ఆనవాలు. పలకని చేత్తో పోసి పూసుంటే అంచుల్లో పూత ఎగుడుదిగుడుగా, ఒక మూల పూత లేక బొటనవేలి గుర్తుతో ఉంటుంది. వెనక నల్లగుడ్డ పెట్టి చూస్తే తెల్లచోట్లు మీగడ రంగులో తేలి బొమ్మ పాజిటివ్‌లా కనిపిస్తుంది. అది కొలోడియన్. పూత అంచుదాకా సమంగా, నలుపు బూడిద రంగులో, అంచుల్లో వెండి మెరుపుతో ఉంటే మిషన్ మీద పూసిన జిలటిన్. నిగనిగలాడే వైపు గాజు, మసకగా ఉన్న వైపు బొమ్మ. గాజు వైపు మాత్రమే పొడి మెత్తగుడ్డతో తుడవండి. బొమ్మ వైపు ఊదే బుడ్డితో దుమ్ము ఊదడం తప్ప ఏమీ చేయకండి.

లంకపొలం
చాలా థాంక్సండి. మూడో నంబరు అద్దానికి అంటుకుంది కదా, నీళ్ళలో నానబెడితే ఊడొస్తుందని పటాలు కట్టే ఆయన అంటున్నారు.

హైపోవాసన
వద్దు! చెమ్మకి జిలటిన్ ఉబ్బి, మెత్తబడి, అద్దానికి బంకలా పట్టేసి మళ్ళీ ఎండింది. నానబెడితే ఊడొచ్చే మాట నిజమే, ఒక్కోసారి. ఇంకోసారి బొమ్మ అద్దానికే ఉండిపోయి కాగితం ఒక్కటే చేతికొస్తుంది. అందులోనూ బూజు పట్టిన జిలటిన్ నీళ్ళలో వేస్తే గంజిలా కరిగిపోతుంది. బయటినుంచి చూసి ఏది ఎలా అవుతుందో చెప్పలేం. చాకు దూర్చడం, ఎండలో పెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం కూడా వద్దు.

అద్దంతో సహా ఫోటో తీసి పెట్టుకోండి, అద్దం అలాగే ఉంచండి. అద్దం అసలు బొమ్మలో భాగం అయిపోయిందనుకోండి. అంటుకోని వైపు పాకకుండా ఉండాలంటే పటం పొడిచోట ఉండాలి, అంతే.

పంటకాలవ
పెద్దలు క్షమించాలి. ఈ కాగితం, గుడ్డు, గాజు గొడవలో అసలు చరిత్ర పక్కకి పోతోందనిపిస్తోంది. ఫోటోని చిత్రలేఖనంలా చేసిన పిక్టోరియలిజం అయినా, అంతా స్పష్టంగా ఉండాలన్న ఎఫ్/64 గ్రూప్ అయినా, డాక్యుమెంటరీ అయినా ఆలోచనల్లోంచి పుట్టాయి గాని రసాయనాల్లోంచి కాదు కదా? అమెరికా ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ వాడిన కాగితం పేరు తెలిస్తే ఆయన్ని అర్థం చేసుకున్నట్టా?

గౌతమిగట్టు
తమ్ముడూ, సగం అర్థం చేసుకున్నట్టే.

1888లో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరా వచ్చింది. వంద ఫోటోల చుట్ట లోపలే ఉండేది. అయిపోయాక కెమెరా మొత్తం కంపెనీకి పంపితే కడిగి, అచ్చు తీసి, కొత్త చుట్ట వేసి ఇచ్చేవారు. బటన్ నొక్కడం ఒక్కటే మన పని. ఇక ప్రతివాడూ ఫోటోగ్రాఫరే. ‘మాది కళ, వాళ్ళది కాలక్షేపం’ అని చూపించుకోవాలంటే చేతిపని కనిపించాలి. అందుకే పిక్టోరియలిస్టులు మిషన్‌ చేయలేని కాగితాలు ఎంచుకున్నారు.

ఒకటి గమ్ బైక్రోమేట్. తుమ్మబంక లాంటి జిగురులో నీటిరంగు, పొటాషియం డైక్రోమేట్ కలిపి కాగితానికి పూస్తారు. వెలుగు తగిలిన చోట బంక గట్టిపడి నీళ్ళకి కరగదు, తగలని చోట కరిగి రంగు కొట్టుకుపోతుంది. తడిమీద కుంచెతో రుద్ది కావలసినచోట తేల్చొచ్చు, ముంచొచ్చు. 1890ల్లో పారిస్‌లో రోబేర్ దమాషీ దీన్ని మళ్ళీ బతికించి, ఫోటో మీద కుంచె గీతలు కనిపించేలా చేశాడు. (డైక్రోమేట్ క్యాన్సర్ తెచ్చే విషం, ఇంట్లో వద్దు.)

రెండోది ప్లాటినం, 1873లో విలియం విల్లిస్ పేటెంట్. బొమ్మ పీచులోనే ఉంటుంది, మెరుపు లేదు, నలుపు నుంచి తెలుపుదాకా బూడిద మెట్లు ఎన్నో. స్టైకెన్ 1904లో తీసిన చెరువు మీద వెన్నెల బొమ్మ ప్లాటినం మీద గమ్ పొరలు వేసింది. 2006 వేలంలో 29 లక్షల డాలర్లు పలికింది. ప్లాటినం కాగితానికి చెమ్మ తగిలితే చచ్చిపోతుంది. అందుకే గాలి చొరని డబ్బాలో కాల్షియం క్లోరైడ్ వేసి అమ్మేవారు. మన కోనసీమ గాలిలో దాన్ని వాడి ఉంటే పూటకొకటి పారేయాల్సొచ్చేది.

మొదటి ప్రపంచయుద్ధంలో ప్లాటినం ధర ఆకాశానికెక్కింది, కాగితం దొరకడం మానేసింది. ప్లాటినం తప్ప మరోటి ముట్టని ఫ్రెడరిక్ ఎవాన్స్ ఫోటోలే మానేశాడు. అదే ఏళ్ళలో, 1916, 17లలో, స్టీగ్లిట్జ్ తన ‘కెమెరా వర్క్’ పత్రిక చివరి సంచికల్లో పాల్ స్ట్రాండ్ తీసిన, కుంచె పని లేని సూటి ఫోటోలు వేశాడు. ఇది ఉత్తి కాకతాళీయం అనుకోను.

1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎఫ్/64 గ్రూప్ పేరులోనే కటకం రంధ్రం ఉంది. రంధ్రం ఎంత చిన్నదైతే అంత లోతుదాకా స్పష్టత. ఆ గ్రూప్‌లోని వెస్టన్ 8 × 10 అంగుళాల నెగటివ్‌ని కాగితానికి ఆనించి, అదే కొలతలో, నిగనిగలాడే జిలటిన్ కాగితం మీద అచ్చు తీసేవాడు. 1930 నాటి క్యాప్సికం ఫోటోలో కాయని రేకు గరాటులో పెట్టి తీశాడు. ఆ వంపులమీది మెరుపు గమ్ కాగితం మీద తేలమంటే తేలదు.

పంటకాలవ
గరాటు సంగతి బాగుంది అన్నా, ఒప్పుకుంటాను. కానీ అదే బ్రోమైడ్ కాగితం మీద, అదే కాలంలో, ఒకదానికొకటి పొంతన లేని పనులు వచ్చాయి కదా? జర్మనీలో ఔగుస్ట్ జాండర్ రైతు నుంచి బ్యాంకరుదాకా అందర్నీ ఒకే తీరున ఎదురుగా నిలబెట్టి తీసి 1929లో పుస్తకం వేశాడు. మాస్కోలో రోద్‌చెంకో మేడ మీదినుంచి కిందికీ, కిందినుంచి మేడకీ వంచి తీశాడు. మొహొలి-నాగి కెమెరాయే లేకుండా కాగితం మీద వస్తువులు పెట్టి తీశాడు. అమెరికాలో 1935 నుంచి రాయ్ స్ట్రైకర్ కింద ప్రభుత్వ జీతం మీద డొరోథియా లాంగ్, వాకర్ ఎవాన్స్ వాళ్ళు పల్లెలు తిరిగారు. 1936లో కాలిఫోర్నియా నిపోమోలో బఠాణీ తోట కూలీల గుడారం దగ్గర లాంగ్ తీసిన తల్లి ఫోటోకి కాగితం కారణమా, కరువు కారణమా? జీతం ఇచ్చింది ఎవరు, అచ్చేసింది ఏ పత్రిక అన్నవి కాగితం కంటే ముందు రావాలి.

హైపోవాసన
తమ్ముడి మాటలో బలముంది. జీతం ఎవరిదన్నది మన దగ్గరా అంతే. లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో చేశాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరాక తీసింది దర్బారు, వేట, కోటలు, కరువు సాయం. ఏది తీయాలన్నది చాలావరకు కొలువు నిర్ణయించింది. సికిందరాబాద్ స్టూడియో గాజు పలకలు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1892లో హైదరాబాద్‌లో ఘోషా ఆడవాళ్ళకోసం విడిగా జెనానా స్టూడియో పెట్టాడు. అక్కడ తీసేదీ ఆడవాళ్ళే. ఇది కాగితం వల్ల కాదు, పరదా వల్ల.

అయినా ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెస్సాన్ సంగతి చూడు. 1925లో 24 × 36 మిల్లీమీటర్ల బొమ్మలు తీసే చిన్న లైకా కెమెరా రాకపోతే, చీకటి గుడ్డ కప్పుకుని ముక్కాలిపీట వేసుకుని, 1948లో గాంధీ అంతిమయాత్ర జనంలో అలా మెసలగలిగేవాడా? రెండూ కావాలి. ఇక్కడితో వదిలేద్దాం, లంకపొలం గారి పెట్టె ఇంకా మిగిలుంది.

ఏటిగట్టు
కెమెరా లేకుండా అన్నారు కాబట్టి, అన్నా అట్కిన్స్ వదిలేయకండి. 1843లో సముద్రపు నాచుల్ని సయనోటైప్ (ఎండకి నీలంగా తేలే అచ్చు) కాగితం మీద పరిచి భాగాలుగా పుస్తకం మొదలెట్టింది, 1853దాకా నడిచింది. ఫోటోలతో వేసిన తొలి పుస్తకంగా చెప్పేది దాన్నే. ఆ పద్ధతి అంతకుముందు ఏడాదే హెర్షెల్ కనిపెట్టాడు. మన దగ్గర చేయడం సాధ్యమేనా? పిల్లలకి చూపించాలని.

బొడ్డుమల్లె
సాధ్యమే, పైగా ఎండ మనకి ఊరికే వస్తుంది. ఇబ్బందల్లా చెమ్మా, నీళ్ళే.

సీసా ఒకటి: పచ్చరకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, 100 మి.లీ. బ్యాటరీ నీళ్ళలో. సీసా రెండు: పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు, 100 మి.లీ.లో. రెండూ గోధుమరంగు సీసాల్లో విడివిడిగా. మొదటి సీసాలో వారం పదిరోజులకే బూజు తేలుతుంది, మన గాలికి ఇంకా ముందే. చిటికెడు వాముపువ్వు వేస్తే ఆగుతుంది. అప్పటికే తేలితే దూదిలో వడకట్టి వాడుకోవచ్చు.

వాడే రోజున మాత్రమే సమానంగా కలపాలి. ఏ4 కాగితానికి రెండు మి.లీ. చాలు. పసుపుపచ్చ మసక బల్బు కింద వెడల్పు కుంచెతో అడ్డంగా, నిలువుగా ఒక్కోసారి పూయండి. కుంచెకి ఇనుప పట్టీ ఉంటే తుప్పుతో నీలి చుక్కలు వస్తాయి, స్పాంజి కుంచె మేలు. నీటిరంగుల దళసరి కాగితం తీసుకోండి, కానీ సున్నం కలిపి క్షారంగా చేసింది కాకూడదు. ఆ నీలానికి క్షారమే శత్రువు.

ఆరడం మన దగ్గర అసలు పరీక్ష. వానాకాలంలో ఫ్యాను కింద గంటైనా చల్లగా తగులుతుంటే ఇంకా తడే. ఆరిన పూత నిమ్మపచ్చగా ఉండాలి. ఎండ చూడకుండానే ముదురాకుపచ్చ, నీలం తిరిగితే చెమ్మకి చెడినట్టు, పారేయండి. పొద్దున పూసింది మధ్యాహ్నానికి వాడేయాలి, రేపటికి దాచొద్దు.

ఆకుల్లో మునగరెమ్మ, వరికంకి బాగా వస్తాయి. అన్నిటికంటే గుర్రపుడెక్క వేళ్ళు. కాలవలోంచి తీసి, కడిగి, పళ్ళెం నీళ్ళలో ఈకలా పరుచుకున్నాక కాగితం కిందినుంచి ఎత్తితే అలాగే పడతాయి. రెండురోజులు పాత న్యూస్‌పేపర్లలో బరువు కింద ఆరబెట్టాలి. పచ్చివి పెడితే అద్దం కింద ఎండకి చెమరుస్తాయి, ఆ నీళ్ళు పూతని కరిగించి మరకలు చేస్తాయి. రెండు అద్దాల మధ్య క్లిప్పులతో బిగించి ఎండలో పెట్టండి. మే నెల మధ్యాహ్నం ఐదారు నిమిషాలు, మబ్బురోజు అరగంట పైనే. అంచుల పూత నీలం దాటి కంచు బూడిద రంగుకి వస్తే సరిపోయినట్టు. నీలంగా ఉండగానే ఆపితే కడిగినప్పుడు సగం కొట్టుకుపోతుంది. అందరూ చేసే తప్పు ఇదే.

నీళ్ళలో పసుపు దిగడం ఆగేదాకా పదినిమిషాలు కడగండి. ఆరాక ఒకరోజుకి నీలం ముదురుతుంది.

ఏటిగట్టు
అక్కా, బోరునీళ్ళతో కడిగితే నీలం పాలిపోయిందని మా వైపు ఒకరన్నారు.

బొడ్డుమల్లె
బోరునీళ్ళలో క్షారం ఎక్కువ. మొదటి కడుగుకి లీటరుకి పావు చెంచా నిమ్మఉప్పు వేయండి. బాత్రూం యాసిడ్ మాత్రం ఎప్పుడూ వద్దు: ఫెర్రిసయనైడ్‌కి గాఢ ఆమ్లం, వేడి తగిలితే సయనైడ్ వాయువు వస్తుంది. సబ్బునీళ్ళు, చాకలిసోడా తగిలితే నీలం పసుపైపోతుంది. బొమ్మ వెలుగుకి వెలిసినట్టనిపిస్తే కొన్నాళ్ళు చీకట్లో పెట్టండి, చాలావరకు తిరిగొస్తుంది.

కొబ్బరిపీచు
మరి ఆ సాల్ట్ ప్రింట్ కూడా మన కళ్ళుప్పుతో అవుతుందాండీ?

గౌతమిగట్టు
అవుతుంది. లీటరు నీళ్ళకి 20 గ్రాముల ఉప్పు, కాగితం రెండుమూడు నిమిషాలు నానబెట్టి ఆరబెట్టాలి. ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా పొడులు కలుపుతారు, కళ్ళుప్పే నయం. ఆరాక 100 మి.లీ. బ్యాటరీ నీళ్ళకి 12 గ్రాముల వెండి నైట్రేట్ కలిపి మసకవెలుగులో పూసి, ఆరాక నెగటివ్ ఆనించి ఎండలో పెట్టాలి. కావలసినదానికంటే బాగా ముదిరాక తీయాలి, హైపోలో (బొమ్మని నిలబెట్టే మందు) పలచబడుతుంది. నీళ్ళు తెల్లబడడం ఆగేదాకా కడిగి, పది శాతం హైపోలో ఐదేసి నిమిషాలు రెండుసార్లు, తర్వాత మళ్ళీ అరగంట నీళ్ళలో. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా వెండి నైట్రేట్ ముట్టకూడదు. చర్మం మీద పడితే వారంపాటు నల్లమచ్చ, కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఇక్కడ ఒక తమాషా. అంతర్వేది వైపు బోరునీళ్ళు గ్లాసులో పోసి ఒక చుక్క వెండి నైట్రేట్ వేస్తే మజ్జిగలా తెల్లబడుతుంది, నీళ్ళలోని ఉప్పుకి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు తేరబెట్టి వేస్తే సన్నటి పొగమంచంత. ఆ తెల్లగ్లాసుని అరుగు మీద ఎండలో పెట్టండి, కాసేపటికి ఎండ తగిలిన వైపు ఊదా రంగు తిరుగుతుంది, గోడ వైపు తెల్లగానే ఉంటుంది. సాల్ట్ ప్రింట్ కనిపెట్టిన టాల్బట్ 1830ల్లో పట్టుకున్నది ఈ ఊదానే. ఉప్పు తక్కువైతే కాగితం వెలుగుకి చురుగ్గా ఉంటుంది, ఎక్కువైతే మొద్దుబారుతుందని గమనించాడు. తక్కువ ఉప్పుతో బొమ్మ తీసి, గాఢమైన ఉప్పునీళ్ళతో దాన్ని నిలబెట్టేవాడు. హైపో వెండి లవణాల్ని కరిగిస్తుందని హెర్షెల్‌కి 1819లోనే తెలుసు, 1839లో ఫోటోకి వాడి చూపించాడు. ఆ తర్వాత ఉప్పునీటి పని మెల్లగా తగ్గిపోయింది.

లంకపొలం
భూతద్దం దొరికిందండి, చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఒకటి: పీచు కనిపిస్తోంది, సన్న పగుళ్ళున్నాయి. రెండు: పీచు లేదు, అద్దంలా నున్నగా ఉంది. నాలుగు: పైన కుంచె గీతలు, పటం చట్రం కింద దాగిన అంచులో రంగు లేదు, ఉత్త బూడిద నలుపు. పలకల్లో రెండిటికి పూత సమంగా, అంచుల్లో మెరుపు. మూడోదానికి ఒక మూల ఖాళీ, నల్లగుడ్డ పెడితే మీగడ రంగు. అందులో బొమ్మ మనిషి కాదు, ఏదో ఇంగ్లీషు ప్రకటన అక్షరాలు. ఏడు: చుక్కలే చుక్కలు, ఎరుపు నీలం పసుపు.

హైపోవాసన
ఏడోది అచ్చుబొమ్మ, ఫోటో కాదు. భూతద్దంలో చుక్కలు వరసగా ఉంటే హాఫ్‌టోన్, అడ్డదిడ్డంగా ఇసుక చల్లినట్టుంటే రాతి అచ్చు. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టాక రాతి అచ్చు దేవుడి పటాలు ఊరూరా వెళ్ళాయి. ఒకటి ఆల్బుమెన్. రెండు పీఓపీ, 1885 కంటే వెనక్కి పోదు. కాబట్టి ఆవిడ 1870 వాదన అక్కడితో సరి. నాలుగు బ్రోమైడ్ ఎన్‌లార్జ్‌మెంట్ పలచగా తీసి పైన రంగులు వేసింది. ముఖం వదిలేసి మిగతాదంతా రంగుతో కప్పేసేవారు. తడిగుడ్డ తగిలితే రంగు వస్తుంది, జాగ్రత్త.

పలకల్లో మూడోది చూసి సంబరపడకండి. ప్రెస్సుల్లో బ్లాకులు (బొమ్మలు అచ్చువేసే లోహపు పలకలు) చేయడానికి తడి కొలోడియన్ 20వ శతాబ్దంలో కూడా వాడేవారు. బొమ్మ బదులు అక్షరాలున్నాయంటే అదీ బ్లాకు కోసం తీసిందే అయ్యుండాలి.

బొడ్డుమల్లె
ఇప్పుడు కాపీ తీసిపెట్టుకోండి. అట్ట పటాలు స్కానర్‌లో 600 డీపీఐ, 16 బిట్ టిఫ్. ఆల్బుమెన్ అట్ట వంపు తిరిగి ఉంటే స్కానర్ మూత కింద నొక్కకండి, పగుళ్ళు చీలతాయి. వాటికీ, అద్దానికి అంటుకున్నదానికీ కెమెరాయే: నిట్టనిలువుగా పైన బిగించి, రెండు దీపాలు రెండువైపులా 45 డిగ్రీల్లో, రంధ్రం ఎఫ్/8, ఐఎస్ఓ 100. అద్దంలో కెమెరా నీడ పడకుండా కటకం చుట్టూ నల్లగుడ్డకి చిల్లు పెట్టి కప్పండి. గాజు పలకలకి తెల్లటి వెలుగున్న ట్యాబ్లెట్ చాలు, కానీ పలకని దానికి మూడునాలుగు సెంటీమీటర్లు ఎత్తులో పెట్టాలి, లేకపోతే తెర చుక్కలు బొమ్మలో పడతాయి.

దాచడానికి: తేమ 65 శాతం దాటితే బూజుకి పండగ, మన వానాకాలంలో ఎప్పుడూ అంతకు పైనే. ఇనుపబీరువాలో, లోపలి గోడ పక్కన, మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నారింజరంగు రకం పచ్చబడితే ఓవెన్‌లో 110, 120 డిగ్రీల మధ్య రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనిచేస్తుంది. కలరా ఉండలు వేయకండి. జిగురు షీట్ల ఆల్బంలో అంటించొద్దు. పీవీసీ కవర్లొద్దు, పాలిప్రొపిలిన్ కవర్లు వాడండి. గోడకి తగిలించే పటాల వెనక నాలుగు మూలలా బెండుముక్కలు అంటించండి, గోడ చెమ్మ పాకదు.

లంకపొలం
ఆయ్, అలాగే చేస్తామండి. నైట్రేట్ ముక్కలు కాపీ తీశాక ఏం చేయమంటారు?

హైపోవాసన
గట్టిగా, బొమ్మ స్పష్టంగా ఉన్నవి కాగితపు కవర్లలోనే, చల్లటి గదిలో, ఇంటి వాడకానికి దూరంగా ఉంచండి. జిగురైనవీ, పొడి రాలుతున్నవీ పెట్టెలో మూయొద్దు, చెత్తలో వేయొద్దు, పొలంలో కాల్చొద్దు: ఆ పొగ విషం. అవి నీళ్ళ బకెట్టులో ముంచి మూత వదులుగా ఉంచి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి ‘పాడైన సెల్యులోజ్ నైట్రేట్’ అని పేరుతో సహా చెప్పండి. ఉత్తి ఫిల్ము అంటే పట్టించుకోరు.